అడ్వాన్స్ ఇంకా జేబులో ఉండగానే: ఇల్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కాగితాలు చూసుకునే పద్ధతి

"ఈసీ తీయించామండి, క్లియర్‌గా ఉంది. మొన్న మంచి రోజని రెండు లక్షలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. ఇంకేమైనా చూసుకోవాలంటారా?"

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. దస్తావేజులు రాసే పనిలో ఉన్నందుకు ఈ ప్రశ్న వారానికి ఒక్కసారైనా వింటాను. చూసుకోవాల్సినవి చాలానే ఉంటాయి. కాకపోతే అవన్నీ ఆ రెండు లక్షలు ఇవ్వకముందు చూడాల్సినవి. మన గోదావరి జిల్లాల్లో బేరం ముందు, కాగితాలు తర్వాత. డబ్బు చేయి మారాక, "వాళ్లు మంచివాళ్లేలెండి" అంటూ మన మనసే అవతలివాళ్ల తరఫున వాదిస్తుంది. అందుకే ఇక్కడ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసలోనే రాస్తున్నాను. ఊళ్లో పాత ఇల్లు, కొబ్బరితోటలో స్థలం, లేఅవుట్ ప్లాటు, దేనికైనా చాలావరకు ఇదే వరుస.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- అమ్మేవాళ్ల పేరు మీదున్న దస్తావేజు ఒరిజినల్. ఫోన్‌లో పంపిన ఫొటో చాలదు.
- కనీసం 30 ఏళ్ల వెనక్కి వెళ్లే లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు
- ఆర్‌ఎస్ నంబరు (స్థలం సర్వే నంబరు), ఇంటి నంబరు రెండూ
- తాజా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు
- ప్లాన్ అప్రూవల్. లేఅవుట్ అయితే దాని అనుమతి కాగితం కూడా.
- ఆస్తి వారసత్వంగా వచ్చినదైతే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్
- ఒక పొడవాటి టేపు, పట్టుకోవడానికి ఇంకో మనిషి

1. ఒరిజినల్ చేత్తో పట్టుకుని చూడండి

"ఒరిజినల్ బీరువాలో ఉంది, రిజిస్ట్రేషన్ రోజు తెస్తాం" అంటే ఆ బీరువా బ్యాంకుది అయ్యుండొచ్చు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు ప్రతిసారీ ఈసీలో కనపడదు. వ్యవసాయ భూమిని విడగొట్టి అమ్ముతుంటే ఊరి సొసైటీలో అప్పుందేమో కూడా కనుక్కోండి. అప్పు ఉన్నంత మాత్రాన బేరం వదులుకోనక్కర్లేదు. ఎంత బాకీ ఉందో బ్యాంకు నుంచి లెటర్ తెప్పించుకుని, మీ డబ్బులో ఆ మేరకు నేరుగా లోన్ ఖాతాకే కట్టి, ఒరిజినల్స్ మీ ముందే విడిపించుకుంటే సరిపోతుంది.

ఒరిజినల్ నిజంగానే పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ, ఈ మూడూ ఉండాలి.

ఎలా సరిచూసుకోవాలి: ఒరిజినల్ ఉన్నా సరే, దస్తావేజు నంబరు, సంవత్సరం ఇచ్చి సర్టిఫైడ్ కాపీ మీరే తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి విస్తీర్ణం, హద్దులు, పేర్లు పదం పదం చదవండి. దిద్దిన ఒరిజినల్ ఇక్కడే దొరికిపోతుంది. ఖర్చు పెద్దగా ఉండదు. ఆ కాస్త ఖర్చుకే బద్ధకించేవాళ్లు ఎక్కువ.

పాత దస్తావేజులో "తూర్పు గోదావరి జిల్లా" అని ఉంది, ఇప్పుడు మాది కోనసీమ జిల్లా కదా, చెల్లుతుందా అని అడుగుతుంటారు. చెల్లుతుంది. జిల్లాలు విడిపోయింది 2022 ఏప్రిల్‌లో. అంతకు ముందు రాసినవాటిలో పాత పేరే ఉంటుంది. కొత్త దస్తావేజులో ఇప్పటి జిల్లా, మండలం పేర్లు రాయిస్తే చాలు.

2. ఈసీ రెండు రకాలుగా వెతకండి

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా, అంతే. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.

అందరూ చేసే తప్పు ఏంటంటే, ఇంటి నంబరు మీద మాత్రమే వెతికి ఊరుకోవడం. పదేళ్ల కిందట ఆ స్థలం తనఖా పెట్టినప్పుడు సర్వే నంబరుతో రాసుంటే, ఇంటి నంబరుతో వెతికితే అది రాదు. సర్వే నంబరు, ఇంటి నంబరు, పాత దస్తావేజు నంబరు, మూడింటితోనూ తీయించండి. 45/2 తర్వాత్తర్వాత 45/2ఎ, 45/2బి అయ్యుంటే అన్నిటికీ తీయించండి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్సిల్ (ఎల్‌పీ) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో సచివాలయంలో సర్వేయర్‌ని అడిగి రాసుకోండి. లేఅవుట్ అనుమతి నంబరును కూడా ఎల్‌పీ నంబరనే అంటారు. రెండూ ఒకటి కావు.

ఈసీలో రానివి: రిజిస్టర్ చేయని వీలునామా, నోటి మాటతో అయిన పంపకాలు, ఆడపిల్లల వాటా, నడుస్తున్న కోర్టు కేసుల్లో చాలావాటి వివరం, పన్ను బకాయిలు. "నిల్ ఈసీ" చూసి నిద్రపోయేవాళ్లను లేపడానికే ఈ వాక్యం.

3. నేల ఏ రకమో తేల్చుకోండి

డెల్టాలో ఇల్లు బాగుందా అన్నది రెండో ప్రశ్న. అది ఏ నేల మీద ఉందన్నది మొదటిది. పక్కనే కాలువ, ముందు పుంత (ఊరి బండ్ల బాట), వెనక గుడి మాన్యం. మన ఊళ్లు అలాగే ఉంటాయి మరి.

కాలువ గట్టు, పుంత, డ్రెయిన్ పక్క స్థలాలు: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. ఆ గట్లు ప్రభుత్వానివి. నలభై ఏళ్లుగా పాక వేసుకున్నా, దాన్ని డాబా చేసుకున్నా, కరెంటు మీటరున్నా నేల వాళ్లది కాదు. చాలాచోట్ల సగం ఇల్లు జిరాయితీలో (సొంత పట్టా నేలలో), వసారా పోరంబోకులో (ప్రభుత్వ నేలలో) ఉంటుంది. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని సర్వేయర్‌తో కొలిపించకపోతే అది బయటపడదు.

లంక భూములు (గోదారి నడుమ దిబ్బలు), ఏటిగట్టు లోపలి స్థలాలు: ప్రభుత్వం లీజుకిచ్చిన లంకను "మాదే" అని అమ్మేవాళ్లున్నారు. సొంత పట్టా ఉన్న లంకైనా గోదారి కోసుకుపోతే కాగితంలో ఎకరం, నేల మీద అరెకరం మిగులుతుంది. వరదలు తగ్గాక వెళ్లి చూడండి, వేసవిలో చూసి మురిసిపోకండి.

దేవాదాయ, సత్రం, వక్ఫ్ భూములు: కోనసీమలో ఇవి ఎక్కువ. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో గ్రామం, సర్వే నంబరు కొట్టి చూడండి. జాబితాలో పేరుంటే, "మేము తీయించేస్తాం" అన్న హామీ మీద పైసా ఇవ్వొద్దు. తీయించాకే బేరం.

డీ-పట్టా, ఇళ్ల పట్టా: ప్రభుత్వం పేదలకిచ్చినవి. అమ్మకం మీద 1977 నాటి చట్టం నిషేధం పెట్టింది. ఎన్నేళ్లకు, ఎవరు అమ్ముకోవచ్చన్న నిబంధన ఈ మధ్య పలుమార్లు మారింది. పట్టా కాగితం వెనక షరతులు చదివి, తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ముందుకెళ్లండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "అమ్మకం" రాసుకుని తాళాలు తీసుకుంటే మీకు దక్కేది ఆ తాళాలే.

గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన నేల: పాత ఊరి నడిబొడ్డున ఉన్న మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు చాలావరకు ఇందులోనే ఉంటాయి. పాత దస్తావేజులే ఉండవు. ఇంటి పన్ను రసీదే చూపిస్తారు. పన్ను రసీదు ఎవరు పన్ను కడుతున్నారో చెబుతుంది, ఎవరి ఆస్తో చెప్పదు. ఇలాంటిచోట పంచాయతీ నుంచి పాత అసెస్‌మెంట్ నకళ్లు, అనుభవ ధ్రువపత్రం తెప్పించి, ఇరుగుపొరుగును విచారించి, లాయర్ చేత లీగల్ ఒపీనియన్ రాయించుకోండి. దస్తావేజు రాసేవాడి మాట లీగల్ ఒపీనియన్ కాదు. నా మాటతో సహా.

4. ఎవరెవరు సంతకం పెట్టాలో లెక్క తీయండి

నా దగ్గరకు వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే.

తండ్రి స్వార్జితం ఇల్లు. వీలునామా లేకుండా పోయారు. హిందూ కుటుంబమైతే భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు, పోయినవారి తల్లి బతికుంటే ఆవిడకీ సమాన వాటా. మంచంలో ఉన్న ఆ మామ్మగారిని అందరూ మర్చిపోతారు. పిత్రార్జితంలో కూడా కూతురికి కొడుకుతో సమాన హక్కుంది. మన రాష్ట్రంలో 1985లోనే పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చారు. 2005లో కేంద్ర చట్టం అందరికీ ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం అయిపోయిన పంపకాలకు, అమ్మకాలకు మాత్రం ఇది అడ్డురాదు. క్రైస్తవులకు, ముస్లింలకు వారసత్వ నియమాలు వేరు. ఆ లెక్క లాయర్‌ని అడిగి తీయించుకోండి.

"మా ఆడపడుచులకు కట్నాలిచ్చి పంపేశామండి, వాళ్లకేం సంబంధం లేదు." కట్నం ఇస్తే వాటా పోదు. ఆస్తి హక్కు రాసిస్తేనే పోతుంది. 

ఇంకో తప్పు చాలా సున్నితమైనది. ఆడపడుచులను తీసుకొచ్చి సాక్షులుగా సంతకం పెట్టిస్తారు. సాక్షి సంతకమంటే "వీళ్లు నా ఎదుట సంతకం పెట్టారు" అనే గానీ "నా వాటా వదులుకున్నాను" అని కాదు. వాళ్లను అమ్మేవాళ్ల వరసలోనే చేర్చండి. లేదా ముందుగా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించండి.

దీనికి తిరగేసిన సమస్య పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం. పెళ్లినాడు పెద్దల ఎదుట అనుకున్నారు, ఆవిడే అనుభవిస్తోంది, కాగితం లేదు. అలాంటిది కొనేటప్పుడు పుట్టింటివారి చేత ముందు ఆవిడ పేరిట రిజిస్టర్డ్ దస్తావేజు రాయించమనండి. లేదంటే అందరినీ కలిపి అమ్మేవాళ్లుగా పెట్టండి.

మైనరు పిల్లల వాటా ఉంటే తల్లి సంతకం చాలదు. హిందూ మైనరు సొంత ఆస్తి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. లేకపోతే ఆ పిల్లాడు 18 నిండిన తర్వాత మూడేళ్లలోపు వచ్చి సవాలు చేయొచ్చు. అప్పటికి మీరు మేడ కట్టేసి ఉంటారు.

కువైట్, దుబాయ్‌లలో ఉన్నవాళ్ల తరఫున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తమ తరఫున పని చేయమని ఇచ్చే అధికార పత్రం)తో అమ్మేటప్పుడు నాలుగు చూడండి. అక్కడి భారత రాయబార కార్యాలయం ముద్ర ఉందా? మన దేశానికి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించారా? అందులో "అమ్మే అధికారం" అన్న మాట స్పష్టంగా ఉందా? ఇచ్చిన మనిషి ఇవాళ్టికి బతికే ఉన్నాడా? మామూలుగా జీపీఏ ఇచ్చినవారితోనే పోతుంది. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున వీడియో కాల్ చేసి మాట్లాడండి, మొహమాటపడొద్దు. జీపీఏతోనే ఇల్లు "కొనేయడం" మాత్రం వద్దు. దానివల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

5. టేపు పట్టుకుని స్థలం మీదికి వెళ్లండి

దస్తావేజు జిరాక్స్ చేతిలో పెట్టుకుని నాలుగు హద్దుల దగ్గరా నిలబడి చదవండి. మన వైపు చాలా దస్తావేజుల్లో హద్దులు యాభై ఏళ్ల కిందటి కాగితం నుంచి మక్కికి మక్కి దించినవే. "తూర్పు: ఫలానావారి కొబ్బరితోట" అని ఉంటుంది, తీరా చూస్తే అక్కడ రెండంతస్తుల మేడ. ఇప్పుడున్న పొరుగువారి పేర్లు కనుక్కుని కొత్త దస్తావేజులో "పూర్వం ఫలానావారిది, ప్రస్తుతం ఫలానావారిది" అని రాయించండి.

కొలతలు: సెంటుకు 48.4 గజాలు. అయిదు సెంట్లంటే 242 గజాలు ఉండాలి. నాలుగు వైపులా కొలిచి గుణించండి. కాగితంలో అయిదు, నేల మీద నాలుగున్నర ఉంటే నాలుగున్నరకే డబ్బు. కొబ్బరిచెట్టు వరసలో మధ్య చెట్టు ఎవరిది, చూరు నీళ్లు ఎటు పడుతున్నాయి, ఉమ్మడి గోడ ఎవరిది, ఇవన్నీ పొరుగువారిని పిలిచి వాళ్ల ఎదుటే మాట్లాడుకోండి.

ఇక దారి. ఆరేళ్ల కిందట ఒకాయన తోట లోపల ఆరు సెంట్ల స్థలం కొన్నారు. ముందున్న తోటలోంచి ఎనిమిదడుగుల బాట, ఎప్పట్నుంచో అందరూ నడుస్తున్నదే. దస్తావేజులో ఎక్కడా దాని మాట లేదు. రెండేళ్లకు ముందు తోట చేతులు మారింది, కొత్తాయన గేటు పెట్టాడు. ఇసుక లారీ వెళ్లక కొన్నాయన ఇల్లు పునాదుల దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికీ కోర్టు వాయిదాలకు తిరుగుతున్నారు. మీ దస్తావేజులో "ఇన్ని అడుగుల వెడల్పు బాట గుండా రాకపోకల హక్కు" అని ఉండాలి. అది రాసిచ్చే హక్కు ఆ బాట ఎవరిదో వాళ్లకే ఉంటుంది. ముందు స్థలం వేరేవాళ్లదైతే వాళ్ల సంతకం కావాలి.

6. ఇప్పుడు అగ్రిమెంట్, ఇప్పుడు అడ్వాన్స్

అగ్రిమెంటులో మొత్తం ధర, ఇచ్చిన అడ్వాన్స్, మిగతాది ఎప్పటికి, టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) తేడా బయటపడితే ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కివ్వాలి, ఇల్లు ఏ రోజు ఖాళీ చేయాలి, ఈ అయిదూ ఉండాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయిస్తే ఈసీలో కనపడుతుంది, వెనకనుంచి ఇంకొకరికి అమ్మడం కష్టమవుతుంది. అవతలివారు మాట తప్పితే కోర్టుకు వెళ్లడానికి గడువు మూడేళ్లే. ఒప్పందంలో రిజిస్ట్రేషన్ తేదీ ఉంటే ఆ తేదీ నుంచే లెక్క.

ఇంటి బేరంలో రూ. 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. చెక్కు లేదా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే వివరాలు దస్తావేజులోనూ రాయొచ్చు. "గవర్నమెంటు రేటుకు రాసుకుందాం, మిగతాది చేతిలో" అన్న మాట ఇప్పటికీ నడుస్తోంది. రేపు టైటిల్ పోయి డబ్బు వెనక్కి రాబట్టాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారం కాగితంలో రాసిన అంకె మాత్రమే.

ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంటే కొనేవారే ధరలోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాలి. అమ్మేవారి పాన్ ఆధార్‌తో లింక్ అయిందో లేదో ముందే అడగండి, కాకపోతే శాతం బాగా పెరుగుతుంది. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే 50 లక్షల పరిమితి వర్తించదు, శాతమూ వేరు. ఆడిటర్‌ని కలవకుండా డబ్బు పంపొద్దు.

ఫ్లాట్ అయితే: రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు దాని వెబ్‌సైట్‌లో చూడండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతం కంటే ఎక్కువ అడగకూడదు. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, నిలబడి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

అమ్మేవాళ్లకు రెండు మాటలు: ఇల్లు బేరానికి పెట్టకముందే మీ ఈసీ మీరే తీయించుకోండి. ఎప్పుడో తీరిపోయిన లోన్ ఇంకా తనఖాగా కనపడుతుంటే బ్యాంకు చేత రద్దు దస్తావేజు రాయించండి. డబ్బు పూర్తిగా ఖాతాలో పడకుండా తాళాలు, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. 24 నెలలు దాటి మీ దగ్గరున్న ఇల్లయితే దీర్ఘకాలిక మూలధన లాభం కిందకి వస్తుంది. ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉంటుంది కాబట్టి డబ్బు ఖర్చుపెట్టకముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

7. రిజిస్ట్రేషన్ రోజు

ఖర్చు: స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ప్రభుత్వ విలువ, మీరు రాసిన ధర, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 20 లక్షలకు లక్షన్నర.

డ్రాఫ్ట్ ముందు రోజే ఇంటికి తెచ్చుకుని ఇద్దరు చదవండి. ఒకరు పాత దస్తావేజు పైకి చదువుతుంటే ఇంకొకరు కొత్తదాంట్లో వేలు పెట్టి చూసుకుంటూ రావాలి. ఉత్తరం దక్షిణం తారుమారవడం, సర్వే నంబరులో ఒక అంకె జారిపోవడం, ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా ఇక్కడ ఒకలా ఉండటం, ఇవే ఎక్కువ. తర్వాత దిద్దాలంటే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లు మళ్లీ రావాలి. డబ్బు అందాక వాళ్లకు తీరిక దొరకదు.

ఆధార్, పాన్, ఇద్దరు సాక్షులు సిద్ధంగా ఉండాలి. మంచి ముహూర్తాల రోజుల్లో ఆఫీసు తిరునాళ్లలా ఉంటుంది, సర్వర్ కూడా అప్పుడే మొరాయిస్తుంది. పట్టింపు లేకపోతే ఆషాఢంలో పెట్టుకోండి, కుర్చీలో కూర్చుని పని చేయించుకోవచ్చు. సంతకాలు పెట్టేసి రిజిస్ట్రేషన్ వాయిదా వేసుకుంటే, సంతకం తేదీ నుంచి 4 నెలల్లోగా దాఖలు చేయాలని గుర్తుంచుకోండి.

8. ఆ తర్వాత నెలలోగా

రిజిస్ట్రేషన్ కాగానే భోజనాలు పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఇంటి పన్ను మీ పేరుకు మార్పించండి. కరెంటు సర్వీసు, కుళాయి కనెక్షన్ కూడా. పాత బకాయిలుంటే ఇక్కడ బయటపడతాయి, కాబట్టి అమ్మినవారి ఫోన్ నంబరు ఇంకా పనిచేస్తున్నప్పుడే ఈ పని పెట్టుకోవాలి. స్థలం రెవెన్యూ రికార్డులో ఉంటే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయిందో లేదో ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో చూడండి. టీడీఎస్ మినహాయించి ఉంటే, ఆ నెల ముగిసిన 30 రోజుల్లోగా కట్టేయాలి.

పని పూర్తయినట్టు ఎలా తెలుస్తుంది? కొన్ని రోజులాగి మళ్లీ ఈసీ తీయండి. ఆఖరి వరసలో కొన్నవారిగా మీ పేరు, సరైన సర్వే నంబరు, సరైన విస్తీర్ణం ఉండాలి. అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఇంకేదైనా లావాదేవీ దూరిందేమో కూడా అందులోనే తెలుస్తుంది.

ఒరిజినల్ దస్తావేజుకు లామినేషన్ చేయించొద్దు. రేపు బ్యాంకువాళ్లు స్టాంపు, ముద్రలు సరిచూడాలంటే ఇబ్బంది. మన తేమకు కాగితం బూజు పడుతుందని భయముంటే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, ఏటిగట్టు పక్క ఊళ్లవాళ్లు కింద బీరువాలో కాకుండా పై గదిలోనో అటక మీదో పెట్టుకోండి. స్కాన్ కాపీ ఒకటి పిల్లలకు పంపి ఉంచండి.